ఉజ్జీవ కూటాలు ముగిశాక: రోజువారీ బతుకులో ఆత్మీయ ఎదుగుదలకు ఒక పద్ధతి

ఎండాకాలంలో మూడు రోజుల ఉజ్జీవ కూటాలు ముగిసిన తెల్లారి విశ్వాసులు చేసే తీర్మానాలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. నాలుగింటికే లేస్తా, రోజుకు పది అధ్యాయాలు చదువుతా, గంటసేపు మోకరిస్తా, ఇక ఎవరి మీదా కోప్పడను. మొదటి వారం బాగానే నడుస్తుంది. రెండో వారంలో చుట్టాల పెండ్లి తగులుతుంది, లేకుంటే రాత్రంతా కరెంటు లేక నిద్ర చెడుతుంది. మూడో వారానికి బైబిలు మళ్లీ అల్మారాలోకి పోతుంది. అంతటితో ఆగినా నయమే. "నాకసలు విశ్వాసమే లేదేమో" అన్న దిగులు మొదలై, మళ్లీ వచ్చే ఏడాది కూటాల దాకా మనిషిని వదలదు. ఎక్కువమంది విషయంలో చెడింది కొలత దగ్గరే. మోయలేనంత ఒక్కసారే ఎత్తుకున్నారు, అంతే.

మార్కు సువార్త 4వ అధ్యాయం 26 నుంచి 29 వచనాల్లో ప్రభువు చెప్పిన విత్తనం ఉపమానాన్ని పాలమూరు జొన్నచేలు చూసినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. ముందు మొలక, తర్వాత వెన్ను, ఆ తర్వాతే గింజ. విత్తినవాడు రాత్రి పడుకుంటాడు, పొద్దున లేస్తాడు. చేను ఎట్లా పెరిగిందో అతనికే తెలియదు. పెంచేది దేవుడు. మనం చేయగలిగినవి కొన్ని చిన్న పనులు. వాటిని మానకుండా ఎట్లా చేయాలో ఇక్కడ రాస్తున్నాం. పాలమూరు వైపు మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాల వారికైనా, నల్లగొండ వైపు బాప్టిస్టు, కథోలిక సంఘాల వారికైనా, స్వతంత్ర సంఘాల వారికైనా ఇందులో అడ్డం వచ్చేదేమీ లేదు.

ముందు పదిహేను నిమిషాలు

రోజుకు పదిహేను నిమిషాలతో మొదలుపెట్టండి. ఐదు నిమిషాలు చదవడానికి, ఐదు చదివినదాన్ని ఆలోచించి ఒక వాక్యం రాసుకోవడానికి, ఐదు ప్రార్థనకు. ఎంత ఉత్సాహం వచ్చినా మొదటి మూడు నెలలు దీన్ని పెంచుకోవద్దు. ఉత్సాహం ఉన్న రోజు గంట కూర్చున్నవాళ్లు, అది లేని రోజు పదిహేను నిమిషాలు కూర్చోవడం చిన్నతనంగా తలచి అసలే మానేస్తారు. అలవాటు తెగేది అక్కడే.

గడియారం చూసి టైము పెట్టుకోవడం కంటే, రోజూ తప్పని ఒక పనికి ముడివేయడం మేలు. పాలు పిండినాక, పొయ్యి వెలిగించకముందు, పత్తి ఏరబోయే ఆటో రాకముందు, మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ రైలెక్కి సీటు దొరికినాక, ఇట్లా. మార్కు 1:35లో ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థనకు వెళ్లాడని ఉంది కాబట్టి తెల్లవారుజామే కావాలని కొందరు పట్టుబడతారు. మంచి టైమే. కానీ రాత్రి డ్యూటీ చేసి ఆరింటికి ఇల్లు చేరే మనిషికి అది కుదరదు. అతను మధ్యాహ్నం నిద్ర లేచినాక చేస్తే ఏ లోటూ లేదు.

గదిలోకి పోయి తలుపు వేసుకోమని మత్తయి 6:6 చెబుతుంది. ఒకటే గది ఉన్న ఇంట్లో ఐదుగురు ఉంటే డాబా మీద, పశువుల కొట్టం పక్కన, వేపచెట్టు కింద ఎక్కడైనా ఒకే చోటు పెట్టుకోండి. రోజూ అదే చోటైతే, పదిరోజులకు ఇంట్లోవాళ్లు కూడా ఆ టైములో పిలవరు. ఫోను వేరే చోట పెట్టాలి. బైబిలు ఫోన్లోనే చదివేవాళ్లు కూర్చోకముందే డేటా ఆపేయాలి. వాక్యం మధ్యలో ఒక్క వాట్సాప్ మోగితే ఆ ఐదు నిమిషాలు పోయినట్టే.

ఏం చదవాలి

ఆదికాండం నుంచి మొదలుపెట్టి ఏడాదిలో బైబిలంతా ముగించాలనుకునే కొత్తవాళ్లు ఎక్కువమంది నిర్గమకాండం 25వ అధ్యాయం దాటాక, దేవుని ఆరాధనకు కట్టిన గుడారం కొలతల దగ్గర, ఆగిపోతారు. బైబిలులో 1,189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో ముగియాలంటే రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు పడుతుంది. అదొక మంచి పనే గానీ మొదటి ఏడాది పని కాదు.

కొత్త నిబంధన మొత్తం 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకొక అధ్యాయం చొప్పున సరిగ్గా 52 వారాల్లో అయిపోతుంది. శనివారం ఆ వారం చదివినదాంట్లో అర్థం కాని భాగాన్ని తిరిగి చదవండి. ఆదివారం మందిరంలో వాక్యం ఉండనే ఉంటుంది. మొదలు మార్కుతో పెట్టండి, 16 అధ్యాయాలే. తర్వాత ఫిలిప్పీయులకు, యాకోబు, ఆ తర్వాత యోహాను. పాత నిబంధన కావాలనిపిస్తే సామెతల 31 అధ్యాయాలు తేదీ ప్రకారం చదువుకోవచ్చు. 119వ కీర్తన చూసి భయపడేవాళ్లకు ఒక మాట: అందులో 176 వచనాలున్నా, ఎనిమిదేసి వచనాల 22 భాగాలుగా ఉంటుంది. రోజుకొక భాగం తీసుకుంటే 22 రోజుల పని.

పాత అనువాదం గ్రాంథికంలో ఉండి పిల్లలకు అందకపోతే వాడుక భాషలో వచ్చిన అనువాదం పక్కన పెట్టుకోండి. చదువు రాని పెద్దవాళ్లకు మనుమడో మనుమరాలో చదివి వినిపించాలి. అది పిల్లలకు కూడా చదివినట్టే. ఎవరూ లేకుంటే ఫోన్లో ఆడియో బైబిలు వినిపించవచ్చు. మన సంఘాల్లో చాలామంది అవ్వలకు అక్షరం రాదు, కీర్తనలు మాత్రం నోటికి వచ్చు. వారానికొక వచనం కంఠతా పడితే ఏడాదికి 52. పొలంలో కలుపు తీసేటప్పుడు గుర్తొచ్చేది ఇదే. అల్మారాలోని పుస్తకం ఆ టైముకు అందదు.

ఆలోచించే ఐదు నిమిషాల్లో పెద్ద ప్రశ్నలు వద్దు. ఈ భాగంలో దేవుడు ఎట్లాంటివాడని ఉంది, ఈరోజు నేను చేయాల్సింది ఏమైనా ఉందా అన్న రెండు చాలు. జవాబు ఒక్క వాక్యంలో రాయండి. "ప్రేమగా ఉండాలి" అని రాస్తే లాభం లేదు. "సాయంత్రం అత్తమ్మకు మందుబిళ్లలు నేనే ఇవ్వాలి" అని రాస్తే అది జరుగుతుంది, జరగలేదంటే జరగలేదని తెలుస్తుంది.

ప్రార్థనకు పేర్ల పట్టిక ఉంటే చెప్పిన మాటే చెప్పడం తగ్గుతుంది. సోమవారం ఇంటివాళ్లు, మంగళవారం తోటి పనివాళ్లు, బుధవారం సంఘంలో జబ్బుతో ఉన్నవాళ్లు, ఇట్లా. గురువారం మాత్రం మీతో మాటలు లేనివాళ్ల పేర్లు రాసుకోండి. ఆ రోజు ప్రార్థన కష్టంగా ఉంటుంది, మానవద్దు.

ఒక్క సంగతి పట్టుకోండి

గలతీయులకు 5:22-23లో ఆత్మ ఫలం తొమ్మిది మాటల్లో ఉంది. తొమ్మిదింటి మీదా ఒకేసారి పని చేయబోతే ఒక్కటీ కదలదు. మూడు నెలలకు ఒక్క సంగతి తీసుకోండి. ఏది తీసుకోవాలో మీరే తేల్చుకోవద్దు, ఇంట్లో అడగండి. "నాలో మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టేదేంది?" అని భార్యనో భర్తనో ఎదిగిన పిల్లలనో అడిగి, జవాబు విన్నాక ఎదురు మాట్లాడకుండా లేవాలి. సమాధానం చెప్పుకోవడం మొదలుపెడితే వాళ్లు ఇంకోసారి నిజం చెప్పరు.

ఎక్కువ ఇండ్లలో వచ్చే జవాబు కోపం కాబట్టి దాన్నే చూద్దాం. "కోపం తగ్గించుకుంటా" అన్న తీర్మానం నిలవదు, ఎందుకంటే దానికి టైము లేదు, చోటు లేదు. మొదటి ఏడు రోజులు ఏమీ మార్చవద్దు. రాసుకోండి, చాలు: ఎప్పుడు, ఎవరి మీద, దానికి ముందు ఏం జరిగింది. ఒక పేజీ ఇట్లా ఉంటుంది: "సోమ, రాత్రి ఏడున్నర, పెద్దోని మీద, అప్పుడే పని నుంచి వచ్చిన, అన్నం కాలేదు. మంగళ, లేదు. బుధ, రాత్రి ఎనిమిది, భార్య మీద, చిట్టి పైసలు అడిగింది." వారం తిరిగేసరికి రెండు మూడు చోట్లే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఈ పేజీలో ఆకలి ఉంది, డబ్బు మాట ఉంది, ఇంటికి చేరిన మొదటి గంట ఉంది.

రెండో వారం నుంచి ఆ చోట్లలోనే మార్పు పెట్టండి. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కొని ఏదో ఒకటి తిన్నాకే మాట. డబ్బు సంగతి రాత్రి అన్నమయ్యాక, పిల్లలు పడుకున్నాక. వినడానికి తొందరపడాలి, మాట్లాడడానికీ కోపించడానికీ నిదానించాలి అన్న యాకోబు 1:19 ఒక చీటీ మీద రాసి తలుపు గూట్లో పెట్టుకున్నా మంచిదే. ప్రార్థనలోనూ ఆ గంట పేరు పెట్టి అడగండి: "ప్రభువా, ఈ రాత్రి ఏడింటికి నా నోటిని కాయి."

అయినా మాట జారుతుంది. అప్పుడేం చేయాలన్నది ఈ మొత్తంలో ముఖ్యమైన భాగం. సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలిచి ఉండకూడదని ఎఫెసీయులకు 4:26. కాబట్టి ఆ రోజే, పడుకోకముందే క్షమాపణ అడగాలి. అడగడంలో మూడు ముక్కలు ఉండాలి: నేనన్న మాట ఇది, అది తప్పు, క్షమించు. "నువ్వట్లా అన్నందుకే నేనట్లా అన్న" అని కలిపితే అది క్షమాపణ కాదు, రెండో కొట్లాట. పిల్లల ముందు తిడితే పిల్లల ముందే అడగాలి.

ఇంటి బయట కూడా ఇదే తీరు. గెట్టు తగాదాలో అన్నను నలుగురిలో తిట్టిన తమ్ముడు ఇట్లా అనవచ్చు: "అన్నా, మొన్న గెట్టు కాడ నలుగురిలో నిన్ను తిట్టిన. అది నాదే తప్పు. మాఫ్ చెయ్యి. గెట్టు సంగతి సర్వేయరు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం." ఆఖరి మాట చూడండి. తగాదా తగాదాగానే ఉంది, దాన్ని వదులుకొమ్మని ఎవరూ అడగలేదు. తిట్టిన తిట్టుకు మాత్రం లెక్క తీరింది. క్షమాపణ అడిగితే భూమి పోతుందని భయపడి ఏండ్ల తరబడి మాటలు మానుకున్న అన్నదమ్ములు ఒకే మందిరంలో కూర్చుంటున్నారు. మత్తయి 5:23-24 ప్రకారం కానుక ఇవ్వబోయే ముందు తీర్చుకోవాల్సింది ఇదే.

ఒక హెచ్చరిక. సహనం, లోబడడం అన్న మాటలు చెప్పి, ఇంట్లో దెబ్బలు తినే ఆడమనిషిని ఓర్చుకొమ్మనడం తప్పు. అది ఆమె ఎదుగుదల పని కాదు, కొట్టేవాడు ఆపాల్సిన పాపం. మహిళా హెల్ప్‌లైన్ 181కి, ప్రాణం మీదికి వస్తే 112కి ఫోన్ చేయమని సంఘపెద్దలే ముందుగా చెప్పాలి.

డబ్బు దగ్గర

పాటలు, ప్రార్థనలు పెరిగి, డబ్బు దగ్గర ఏమీ కదలకపోతే ఆ ఎదుగుదల మీద అనుమానం పెట్టుకోవడం మంచిది. జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన రోజునే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8).

రైతు విశ్వాసికి మొదటి పరీక్ష కూలి. పనివాని కూలి ఆ రోజే, పొద్దుగూకకముందే ఇవ్వమని ద్వితీయోపదేశకాండం 24:15. "పత్తి అమ్మినాక ఇస్తా" అన్న మాట కూలి తల్లికి నెల రోజుల కిరాణా బాకీ. ముందే మాట్లాడుకుని వారానికొకసారి ఇచ్చే ఒప్పందమైతే వేరు, ఆ శనివారం మాత్రం తప్పవద్దు. పత్తి ఏరినవాళ్లకు కిలోల లెక్కన ఇచ్చేచోట తూకం వాళ్ల ముందరే వేయాలి, మూట గుడ్డ బరువని కిలో కోయవద్దు. యెషయా 58:3లో ప్రవక్త ఉపవాసం ఉన్నవాళ్లనే నిలదీసింది వాళ్లు తమ పనివాళ్లతో నడుచుకున్న తీరు మీద. శుక్రవారం ఉపవాస కూటానికి పోయే ముందు ఎవరి కూలి బాకీ ఉందో చూసుకోండి.

రెండోది వడ్డీ. నెలకు నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. కష్టంలో ఉన్న తోటి విశ్వాసికి ఆ రేటుకు అప్పిచ్చి, ఆదివారం పక్కన కూర్చోవడం గురించి ఆలోచించాలి. బీదవాని దగ్గర వడ్డీ తీసుకోవద్దన్న నిర్గమకాండం 22:25 చదివి, కనీసం ఒక్క బీద కుటుంబానికి వడ్డీ వదిలేయడంతో మొదలుపెట్టవచ్చు. అప్పు తీసుకున్నవాళ్లకూ పని ఉంది. ఇచ్చినాయన కనబడితే తోవ మార్చకుండా ఎదురుపోయి "అన్నా, ఈ నెల ఐదువందలే కుదిరింది" అని ఇచ్చి రావాలి.

కానుక చేతికొచ్చిన రోజే తీసి పక్కన పెట్టండి, నెలాఖరుకు ఏమీ మిగలదు.

కల్లు, మందు

మారుమనస్సు పొందిన రోజునే తాగుడు మానేసినవాళ్ల సాక్ష్యాలు మనం వింటాం, దేవునికి స్తోత్రం. కానీ ఏండ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే ఒకటి నుంచి మూడు రోజుల లోపల చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, ఫిట్స్, లేనివి కనబడడం, పొంతన లేకుండా మాట్లాడడం రావచ్చు. మన వైపు కొన్నిచోట్ల కల్లులో మత్తుమందులు కలుపుతారు కాబట్టి కల్లు మానినా ఇట్లాగే అవుతుంది. దీన్ని దయ్యం అనుకొని మనిషిని కట్టేసి రాత్రంతా ప్రార్థన చేయడం ప్రాణానికే ముప్పు. వెంటనే ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకుపోవాలి, ఫిట్స్ వస్తే 108. ప్రార్థన ఆస్పత్రి వరండాలో కూడా చేయవచ్చు. మందులతో మెల్లగా మానినవాని సాక్ష్యం తక్కువది కాదు.

మానినాక అసలు కష్టం దావత్‌లలో. దగ్గరి చుట్టాల పెండ్లికి, చావుకు పోకుండా ఉండలేరు, ఉండకూడదు కూడా. ముందే పోయి, పనిలో చేయి వేసి, భోజనం చేసి, సీసాలు తెరిచే టైముకు బయలుదేరండి. తోడుగా తాగని ఒకరిని తీసుకుపోండి.

ఉపవాసం గురించి కూడా ఇక్కడే: షుగరు మందులు వాడేవాళ్లు, గర్భిణులు, ఎండలో కూలి చేసేవాళ్లు అన్నం మానవద్దు. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో నీళ్లు ఎవరూ మానవద్దు. అన్నం మానకూడనివాళ్లు టీ మానవచ్చు, ఒక పూట ఫోను పక్కన పెట్టవచ్చు.

పనుల కాలం, వలస కాలం

నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు పదిహేను నిమిషాలు కూడా దొరకని రోజులుంటాయి. ఆ నెలలకు ముందుగానే చిన్న కొలత పెట్టుకోండి: ఉదయం ఒక కీర్తన, రాత్రి ప్రభువు నేర్పిన ప్రార్థన, అంతే. ముందే అనుకుని తగ్గించుకున్నది నిలబడుతుంది. అనుకోకుండా తగ్గినది ఆగిపోతుంది.

పనికోసం ముంబై, పుణె, హైదరాబాద్ పోయే పాలమూరు కుటుంబాలకు ఇంకో ఇబ్బంది, సంఘం దూరమవుతుంది. బయలుదేరే ముందు పాస్టరయ్యకు చెప్పి, వారంలో ఒక రోజు, ఒక టైముకు ఇంటివాళ్లతో కలిసి ఫోన్లో పది నిమిషాల కుటుంబ ప్రార్థన పెట్టుకోండి. అక్కడ చేరిన మొదటి ఆదివారమే దగ్గర్లో తెలుగు ఆరాధన ఎక్కడుందో వెతకాలి. రెండు నెలలు ఆగితే ఆదివారం బట్టలుతికే రోజైపోతుంది.

తోడు

ఒంటరిగా ఇదంతా నడవదు. మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో, ఇద్దరు ముగ్గురు వారానికి అరగంట కూర్చోండి. పోయిన వారం ఏం చదివారు, పట్టుకున్న సంగతి ఎట్లా నడిచింది, ఎక్కడ పడ్డారు అన్న మూడే అడగాలి. ఉపదేశాలు చెప్పుకోవద్దు, చివర ఒకరికోసం ఒకరు ప్రార్థించాలి (యాకోబు 5:16). ఇక్కడ విన్నది ప్రార్థన విన్నపం పేరుతో కూడా బయటికి పోకూడదు. ఒక్కసారి పోతే ఆ గుంపు అక్కడికే ఆఖరు. రోజూ నాలుగు యూట్యూబ్ ప్రసంగాలు వినేవాళ్లకు ఈ అరగంట చప్పగా అనిపిస్తుంది. అయినా వీడియోలోని ప్రసంగీకునికి మీ ఇంట్లో ఏం జరుగుతుందో తెలియదు, ఎదురుగా కూర్చున్న తోటి విశ్వాసికి తెలుసు.

నాలుగు రోజులు చదవడం తప్పితే ఐదో రోజు ఐదు అధ్యాయాలు చదివి లెక్క సరిచేయవద్దు. ఆ రోజుది చదవండి, తప్పినవి వదిలేయండి. నీతిమంతుడు ఏడుసార్లు పడినా లేస్తాడని సామెతలు 24:16. పాపంలో పడ్డప్పుడు ఆదివారం దాకా ఆగకుండా ఆ గంటలోనే ఒప్పుకోండి, ఆ రాత్రి మామూలు చోటునే కూర్చోండి. ఇక వారాల తరబడి నిద్ర లేక, ఏదీ రుచించక, ప్రార్థన నోటికి రాక, చచ్చిపోవాలనిపిస్తుంటే అది విశ్వాసం తగ్గడమని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. డాక్టరుకు చూపించండి. రాత్రి పూటైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే మాట్లాడతారు.

మూడు నెలలు నిండాక మొదట అడిగిన మనిషినే మళ్లీ అడగండి: "ఏమన్నా మారిందా?" కొంచెం మారిందంటే దేవునికి స్తోత్రం చెప్పి అదే సంగతి ఇంకో మూడు నెలలు కొనసాగించండి, ఎక్కువే మారిందంటే రెండోది అడిగి రాసుకోండి. ఏమీ మారలేదంటే ఆ ఏడు రోజుల రాతను మళ్లీ చేయండి, చోటు తప్పుగా పట్టి ఉంటారు. పదిహేను నిమిషాలకు ఇంకో ఐదు కలుపుకోవాలంటే ఇప్పుడు కలుపుకోవచ్చు, ఆ ఐదూ ప్రార్థనకు ఇవ్వండి.